కల్తీ లేని తేనె

తేనె మంచిదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దగ్గుకు అల్లం రసంలో కలిపి నాకించొచ్చు, తెలుసు. గంజి వారుస్తూ చెయ్యి కాల్చుకుంటే పైన పూస్తే మంట తగ్గుతుంది, తెలుసు. చలికాలం పెదాలు పగిలినా, నోట్లో పొక్కులు లేచినా, గొంతు బొంగురుపోయినా తేనె సీసానే గుర్తొస్తుంది, అదీ తెలుసు. ఉసిరికాయలు తేనెలో ఊరబెడితే ఏడాది దాకా చెడిపోవు. తల వెంట్రుకలకు తగిలితే తెల్లబడతాయని మా అవ్వ భయపెట్టేది. ఆమె జుట్టు మాత్రం ఏ తేనే తగలకుండానే ముగ్గుబుట్టయింది. ఇన్ని తెలిసినదాన్ని నేను. ఇన్నీ తెలిసి మా నాయన కుడి పాదం సగం పోగొట్టినదాన్ని కూడా నేనే. అందుకే ఎవరైనా నా ముందు కూర్చొని తేనె గుణాలు చెప్పడం మొదలుపెడితే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మొన్న పక్కింటామె అదే పని చేసింది. వాళ్ళాయనకు షుగర్ వచ్చిందట. కొంగు దోపుకొని మా వంటింటి గడప మీద కూర్చొని, "చక్కెర మాన్పించినానక్కా, తేనె ఇస్తాండా. తేనె ఏం చెయ్యదంట" అంది.

"ఎవరు చెప్పినారు నీకు?"

"అందరూ అంటాండారు గదక్కా."

ఈ 'అందరూ' అనేవాళ్ళు ఎవరో ఒక్కసారి నా చేతికి దొరికితే బాగుండు. నేను ఆమె మీద ఎంత గట్టిగా అరిచానంటే, పాపం, కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయింది. నాకేమీ బాధ అనిపించలేదు. వాళ్ళాయన కాళ్ళు రెండూ బాగుంటే చాలు, నాతో మాట్లాడకపోతే పోయింది.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. మాది గుంతమగ్గం. అంటే మగ్గం కింద నేలలో గుంత ఉంటుంది. నేసేవాడు గట్టు మీద కూర్చొని కాళ్ళు ఆ గుంతలోకి దించి, అడుగున ఉన్న చెక్కపలకల్ని ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ ఉండాలి. చూసేవాళ్ళు చేతుల పనే చూస్తారు. జరీ చూసి, అంచు చూసి, అబ్బ ఏం చెయ్యప్పా అంటారు. గుంతలో ఉన్న కాళ్ళను ఎవరూ చూడరు. ఆ కాలు పలకను తొక్కితేనే పోగులు విడిపోయేది, మధ్యలో అడ్డపోగు మోసుకుంటూ నాడె దూరేది. కాలు ఆగితే చీర ఆగినట్టే. చిన్నప్పుడు నేను మగ్గం గదిలో చాప మీద పడుకొని హోంవర్కు రాసుకుంటూ ఆ చప్పుడుతోనే నాయన మనసు ఎట్లా ఉందో చెప్పేసేదాన్ని. సంతోషంగా ఉంటే పలకలు చకచకా కొట్టుకునేవి. అమ్మతో మాటా మాటా వచ్చిన రోజు ఒక్కో తొక్కుడు నేల అదిరేటట్టు పడేది.

నాకు పెళ్ళయి పెనుకొండకు వచ్చిన మూడో ఏడు నాయనకు షుగర్ అని తేలింది. అప్పటికి తొంభైలు సగం దాటాయి. హిందూపురంలో షుగర్ బాగా చూసే డాక్టరమ్మ ఒకామె ఉందని మా ఆయన ఎవరినో అడిగి కనుక్కున్నాడు. అప్పటినుంచి నాయన నెలకోసారి ధర్మవరంలో పొద్దుటి ప్యాసింజరెక్కి హిందూపురం పోయేవాడు. మందులు రాయించుకొని, తిరిగి వచ్చేటప్పుడు పెనుకొండలో దిగి మా ఇంట్లో అన్నం తిని, సాయంత్రం బండికి ఊరికి పోయేవాడు. నెలకు ఆ ఒక్క పూటే నాకు నాయన దొరికేది. ఆ రోజు నేను వేరే పని పెట్టుకునేదాన్ని కాదు.

నాయనకు తీపి అంటే ప్రాణం. ఓళిగలు, అదే బొబ్బట్లు, చేస్తే లెక్కబెట్టకుండా తినేవాడు. పెరుగన్నంలో బెల్లంముక్క లేకపోతే అన్నం తిన్నట్టే ఉండేది కాదు ఆయనకు. అట్లాంటి మనిషికి డాక్టరమ్మ తీపి పూర్తిగా బంద్ చేసింది. మొదటి నెల మా ఇంటికి వచ్చినప్పుడు కాఫీ ఇస్తే ఒక గుక్క తాగి లోటా కింద పెట్టాడు. "కాఫీ తాగినట్టు లేదుమ్మా, కషాయం తాగినట్టుండాది" అని నవ్వాడు. మిగిలిన కాఫీ పారబోసి లోటా కడిగాను. ఏదో ఒకటి చెయ్యాలి ఈ మనిషికి, అనుకున్నాను. నేను చేసిన తప్పులన్నీ ఈ 'ఏదో ఒకటి చెయ్యాలి'తోనే మొదలయ్యాయి.

ఆ రోజుల్లో ఆదివారం పేపరుతో ఒక చిన్న పుస్తకం వచ్చేది. అందులో చివరి పేజీలో వంటింటి వైద్యం అని రాసేవాళ్ళు. ఒక వారం తేనె గురించి పేజీ నిండా రాశారు. దగ్గు, జలుబు, పుండ్లు, మొటిమలు, నిద్రలేమి, రక్తహీనత, ఒకటేమిటి, తేనెకు లొంగని రోగం ఈ భూమ్మీద లేనట్టే. అట్టడుగున ఒక వాక్యం ఉంది. షుగరున్నవాళ్ళు కూడా చక్కెరకు బదులు తేనె వాడుకోవచ్చట, కాకపోతే అది కల్తీ లేని తేనె అయి ఉండాలట. రాసినవాడి పేరు లేదు, ఊరు లేదు. ఏం చదివాడో లేదు. నేను ఆ కాగితాన్ని బ్లేడుతో నీటుగా కోసి, అన్నం మెతుకులతో వంటింటి అలమర తలుపుకు లోపలివైపు అంటించుకున్నాను. దేవుడి పటం కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ అంటించలేదు.

ఇంక చూడండి నా తెలివి. ఆ వాక్యంలో నాకు కనబడింది ఒక్క మాటే: కల్తీ. అసలు తేనె తినొచ్చా తినకూడదా అని ఎవరినీ అడగలేదు. డాక్టరమ్మ గంట ప్రయాణం దూరంలో ఉంది, నెలనెలా నాయన ఆమె ఎదురుగా కూర్చొని వస్తున్నాడు, ఆమెను ఒక్క మాట అడుగు నాయనా అని చెప్పాలని తట్టలేదు నా మట్టిబుర్రకు. తేనె అసలుదేనా, నకిలీదా? నా బాధంతా అదే. కాలికి బలపం కట్టుకొని అసలు తేనె కోసం తిరిగాను.

బస్టాండు దగ్గర అల్యూమినియం బక్కెట్లో తుట్టెముక్క తేలేసి అమ్మేవాళ్ళ దగ్గర మొదట కొన్నాను. తెచ్చి పరీక్షలు చేశాను. ఈ పరీక్షలు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఎవరికో ఒకరికి వచ్చి ఉంటాయి. గ్లాసు నీళ్ళలో చుక్క వేస్తే కరగకుండా అడుక్కు దిగాలి. పేపరు మీద వేస్తే అవతలికి ఇంకకూడదు. అగ్గిపుల్ల ముంచి గీస్తే వెలగాలి. కుక్క ముందు పెడితే వాసన చూసి మొహం తిప్పుకోవాలి. బస్టాండు తేనె నీళ్ళలో సగంలోనే కరిగిపోయింది. మా వీధికుక్క అయితే రొట్టెముక్కకు రాసి పెడితే తిని, తోక ఊపి, ఇంకొంచెం పెట్టమని నా వైపు చూసింది. ఆ తేనెను బెల్లంపాకం అని తేల్చేసి వాకిట్లో కుమ్మరించాను. నా నాయనకు బెల్లంపాకం తాగిస్తానా, అని ఎంత పౌరుషమో!

చివరికి పెనుకొండ కొండ మీద తేనె తీసే మొగుడూ పెళ్ళాలు ఇద్దరున్నారని తెలిసింది. వాళ్ళ దగ్గరికి పోయి, మీరు తీసేటప్పుడు నా కళ్ళతో చూస్తేనే కొంటాను అన్నాను.

ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది. "నీకేమన్నా పిచ్చా తల్లీ? ఆడికి నువ్వెట్లొస్తావు? ఈగలు లేస్తే పరిగెత్తేకి గూడా దోవుండదు."

"మా నాయనకు మందమ్మా. కల్తీ అయితే కుదరదు."

"మందుకంటే సరే. దూరంగా నిలబడు. నోరెత్తొద్దు."

వాళ్ళతోపాటు ఎండలో పడి కొండెక్కాను. మొగుడు తాడు పట్టుకొని బండరాయి అంచుకు దిగి, పచ్చి ఆకుల పొగ పెట్టాడు. నేను నోరెత్తలేదు కానీ, ఈగలకు నా మీద ఏం కోపం వచ్చిందో, రెండు వచ్చి ఎడమకన్ను పైన కుట్టి పోయాయి. ఇంటికొచ్చేసరికి కన్ను మూసుకుపోయింది. చేతులకు ముళ్ళు గీరుకుపోయాయి. అయితేనేం, నా చేతిలో నా కళ్ళెదుట పిండిన తేనె సీసాడు ఉంది. నీళ్ళలో వేస్తే నేరుగా అడుక్కు దిగింది. కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంది. నేను ఆ వాపు మొహంతోనే మా ఆయన దగ్గర మురిసిపోయాను.

మరుసటి రోజే నాయన హిందూపురం నుంచి వచ్చాడు. వాకిట్లో చెప్పులు విడుస్తూనే నా మొహం చూసి నిలబడిపోయాడు.

"ఏమైందిమ్మా కంటికి?"

"ఏం కాలేదులే నాయనా. ఇదో, సూడు నీ కోసం ఏం తెచ్చినానో!" అని సీసా చేతిలో పెట్టి, కొండెక్కిన కథంతా చెప్పాను. అలమర తలుపు తెరిచి పేపరు ముక్క చదివి వినిపించాను. "ఇంగ నువ్వు కషాయం తాగే పనిలేదు. కాఫీలో ఇది ఏసుకో. పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాలు ఏసుకొని తాగు. రాగిసంగటి తిన్నాక ఒక చెంచా నోట్లో ఏసుకో. కల్తీ లేదు గాబట్టి ఏం చెయ్యదు."

నాయన సీసాను వెలుగుకు పట్టి చూశాడు. జేబులోంచి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ ఏదో తీయబోయి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. "ఎందుకుమ్మా ఇంత కష్టం" అన్నాడు చివరికి. నాకు గుర్తుంది, ఆ మాటంటూ నా వాచిన కన్నే చూస్తున్నాడు. కూతురు చేసిన పనికి కరిగిపోయాడు అనుకొని నేను ఇంకా పొంగిపోయాను. ఆ రోజు కాఫీ నా ఎదురుగానే తేనె వేసుకొని లోటా ఖాళీ చేశాడు.

ఆ తర్వాత ఎన్నిసార్లు కొండతేనె పంపానో లెక్కలేదు. తేనె తీసే దంపతులకు నేను ఇంటి మనిషినైపోయాను. వాళ్ళే తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను ఎస్‌టీడీ బూత్ నుంచి ధర్మవరంలో మా ఇంటి పక్క అంగడికి ఫోన్ చేసి నాయనను పిలిపించి, "తేనె తాగినావా?" అని అడిగేదాన్ని. "తాగినామ్మా" అనేవాడు. మాత్రలు వేసుకున్నావా అని మాత్రం ఒక్కరోజు అడిగిన పాపాన పోలేదు. ఆ ఏడాది నాయన సన్నబడ్డాడు. తేనెకు కొవ్వు కరిగిందని నేనే అందరికీ చెప్పాను. కాళ్ళు మొద్దుబారినట్టుంటాయని ఒకసారి అన్నాడు. గుంతలో చలికి అట్లా ఉంటుందిలే అని అదీ నేనే చెప్పాను. ఏం డాక్టర్ని నేను!

ఒకరోజు అమ్మ మగ్గం గుంత ఊడుద్దామని దిగి, కుడివైపు పలక మీద ఎండిన రక్తం చూసింది. పలకలోంచి ఒక మేకు పైకి లేచి ఉంది. ఆ మేకు మీదే నాయన నాలుగు రోజులుగా తొక్కుతున్నాడు. తొక్కిన ప్రతిసారీ బొటనవేలి కింద దిగుతోంది. ఆయనకు తెలియలేదు. అమ్మ గుడ్లు తేలేసి, "ఇదో, నీ కాలు సూడు! మేకు దిగితే గూడా తెలీలేదా?" అని అరిస్తే, నాయన పాదం ఎత్తి చూసుకొని, "యాడ? నొప్పేం లేదే" అన్నాడట.

అమ్మ అంగడి నుంచి మా వీధి ఎస్‌టీడీ బూత్‌కు ఫోన్ చేసి నన్ను పిలిపించింది. నేను ఇంటికి పరిగెత్తి అలమర తలుపు తెరిచి ఆ దిక్కుమాలిన కాగితం చూసి వచ్చి, గాయాలకు తేనెను మించిన మందు లేదని రాసి ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. "కడిగి, తేనె పూసి గుడ్డ కట్టమ్మా. తగ్గిపోతాది." అమ్మ పన్నెండు రోజులు కట్టింది. నొప్పి లేదు కాబట్టి నాయన మగ్గం కూడా దిగలేదు, ఆ కట్టుతోనే తొక్కాడు. పదమూడో రోజు నేను ధర్మవరం పోయి కట్టు విప్పితే బొటనవేలు, పక్క వేలు నల్లగా ఉన్నాయి. వాసన ఎట్లాంటిదో నేను రాయను.

హిందూపురంలో డాక్టరమ్మ ఆ కాలు చూసి ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. రక్తపరీక్ష కాగితం వచ్చాక నాయనను బయట బల్ల మీద కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచింది.

"నెలనెలా మాత్రలు పెంచుతున్నా షుగర్ దిగట్లేదు. తీపి తింటున్నారా?"

"లేదు మేడం. ఒట్టు. తేనె తప్ప ఏమీ లేదు. అదీ కల్తీ లేనిది, నేనే దగ్గరుండి..."

"కల్తీ లేకపోతే ఏంటమ్మా?" ఆమె కేకేసింది. "అసలు తేనె అయినా బెల్లంపాకం అయినా రక్తంలోకి పోతే చక్కెరే! పుండు మీద పూసిన తేనె కాదు ఈ కాలిని తిన్నది. ఏడాదిగా నోట్లో పోసింది. షుగర్ ఎక్కువై నరాలు చచ్చిపోతే మేకు దిగినా తెలీదు. తెలిసిన రోజే నా దగ్గరికి తేవాలి గానీ, ఇంట్లో కట్లు కట్టుకొని కూర్చుంటారా?"

ఆమె కొంచెం తగ్గి, "అయినా మీ నాన్నగారికి నేను చెప్పాను కదమ్మా. ఒకసారి ఆయనే అడిగారు, చక్కెర బదులు తేనె తినొచ్చని ఎవరో అన్నారట, నిజమేనా అని. చుక్క కూడా వద్దన్నాను. చీటీ మీద కూడా రాసిచ్చాను" అంది.

"ఎప్పుడు మేడం?"

మేము తెచ్చిన నాయన పాత చీటీల కట్టలోంచి వెతికి చూపించింది. తేదీ చూశాను. నేను మూసుకుపోయిన కన్నుతో నాయన చేతిలో మొదటి సీసా పెట్టిన రోజు అది.

పాదం ముందు సగం తీసేశారు. తీయకపోతే మోకాలిదాకా పోతుందన్నారు. నాయన ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ నేను ఆ మాట ఎత్తలేదు. దుఃఖం ఎక్కువై కాదు, నోరు తెరిస్తే ఆసుపత్రి పైకప్పు లేచిపోయేటట్టు అరుస్తానని. ఇంటికి పోయి ముందు అలమర తలుపు మీది కాగితం గోళ్ళతో గీకి పీకేశాను. మెతుకుల జిగురు ఎంత గట్టిగా పట్టిందో, ముక్కలు ముక్కలుగా వచ్చింది కానీ పూర్తిగా రాలేదు. ఇప్పటికీ ఆ తలుపు మీద రెండు మూడు అక్షరాలు ఉన్నాయి.

రెండు నెలల తర్వాత ధర్మవరం పోయాను. మగ్గం గుంతలో ఇప్పుడు అమ్మ కూర్చుంది. అన్నాళ్ళూ కండెలు చుట్టి, పోగులు అతికిన మనిషి, ఇప్పుడు పలకలు తొక్కడం నేర్చుకుంటోంది. నాయన గట్టు పక్కన పీట మీద కూర్చొని, "ఆ... ఇప్పుడు ఎడమది. నిదానం" అని చెబుతున్నాడు. అమ్మ తొక్కినప్పుడల్లా కట్టు కట్టిన ఆయన కాలు కూడా గాలిలో కొంచెం కదులుతోంది. నేను అది చూసి ఇంక ఆగలేకపోయాను.

"నాయనా, డాక్టరమ్మ తేనె వద్దని చెప్పిందంట గదా?"

ఆయన తల తిప్పలేదు. "ఆ... చెప్పింది."

"చెప్పినా ఎందుకు తాగినావు?"

"నీ కన్ను అంత వాచిపోయి ఉండాది. చేతులంతా ముళ్ళు గీరుకొని... ముఖమంతా నవ్వుకుంటా తెచ్చిచ్చినావు. ఆ పొద్దు వద్దని ఎట్ల చెప్పేది?"

"ఆ పొద్దు సరే! ఇంటికొచ్చి పారబోయొచ్చు గదా! ఎవరు చూస్తాండారు?"

"రోజూ ఫోన్ చేసి తాగినావా అని అడుగుతావే. తాగలేదని చెప్తే మళ్ళీ కొండెక్కుతావు. తాగినానని నీతో అబద్ధం చెప్పేకి నాకు నోరు రాలా."

"అబద్ధం చెప్పేకి నోరు రాలేదు, నిజం దాచేకి వచ్చిందా?" నేను అరిచిన అరుపుకు అమ్మ మగ్గం ఆపేసింది. "ఒక్క మాట చెప్పింటే నేను ఏడ్చి ఊరుకుందును గదా! నా ముఖం చిన్నబోతే ఏమయ్యేది? ఏమయ్యేది నాయనా?"

"తీపి గూడా తినాలనిపించేదిమ్మా" అన్నాడు మెల్లగా. "అంతా నీ మీదే ఎందుకు పెట్టేది."

నా మీద పెట్టకుండా ఇంకెవరి మీద పెడతాడు? ఆ పేరులేని పేపరువాడి మీద పెట్టనా, 'అందరూ అంటాండారు' అనేవాళ్ళ మీద పెట్టనా? నాకు కోపం ఎటు తిరగాలో తెలియక ఆయన మీదికే తిరిగింది.

"నా కన్ను రెండు రోజుల్లో తగ్గిపోయింది నాయనా! నీ కాలు మళ్ళీ వస్తాదా?"

నాయన అప్పుడు తల తిప్పి, నా ఎడమ కన్ను వైపు చూశాడు, అది ఇప్పుడే వాచినట్టు.

"తగ్గింది గదా" అన్నాడు. "చాల్లే."

ఆ మాటకు వచ్చిన కోపం నాకు ఈ రోజుకీ దిగలేదు.